మూకీల నాటి కౌబాయ్‌లో నిజమెంత?

తెలుగు ప్రేక్షకుడికి కౌబాయ్ కొత్త కాదు. 1971లో కృష్ణ కథానాయకుడిగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ మొదలు, వెడల్పాటి అంచు టోపీ, నడుముకు వేలాడే పిస్తోలు, దుమ్ము రేపుకుంటూ దూసుకొచ్చే గుర్రం మన తెరకూ అలవాటయ్యాయి. అయితే మన దగ్గరికి వచ్చిన కౌబాయ్ అమెరికా నుంచి నేరుగా రాలేదు. 1960లలో ఇటలీ దర్శకులు తీసిన చిత్రాల మీదుగా వచ్చాడు. ఆ ఇటలీ దర్శకులు చూసి పెరిగింది హాలీవుడ్ కౌబాయ్‌ని. వారిలో అందరికంటే పేరున్న సెర్జియో లియోనె తండ్రి 1913లోనే, సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల్లో, ఒక వెస్టర్న్, అంటే కౌబాయ్ చిత్రం, తీశాడన్నది చాలామందికి తెలియని సంగతి. ఇలా వెనక్కి నడుస్తూ పోతే ఈ వీరుడి పుట్టుక 1903కూ 1929కూ మధ్య, అమెరికా మూకీ చిత్రాల కాలంలో దొరుకుతుంది.

ఆ కాలపు చిత్రాల గురించి రెండు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తుంటాయి. అంతరించిపోతున్న పడమటి అమెరికా జీవితాన్ని, దాన్ని కళ్లారా చూసినవారే తెరకెక్కించిన చిత్రాలవి, కనుక అవి చరిత్రకు సాక్ష్యాలని కొందరంటారు. అంతా స్టూడియోల్లో అల్లిన కట్టుకథేనని మరికొందరు కొట్టిపారేస్తారు. ఈ రెండూ నాకు తొందరపాటు తీర్పులుగానే కనిపిస్తాయి, ఎందుకంటే మూకీ వెస్టర్న్‌లో నిజమూ వేషమూ విడివిడిగా దొరకవు. నిజంగా పశువుల కొట్టాల్లో పనిచేసినవాడు తన గురించి అబద్ధపు జీవితచరిత్ర చెప్పుకున్నాడు. న్యూయార్క్ రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న నటుడు వాస్తవికత కోసం పట్టుబట్టాడు. గుర్రం మీద నిలదొక్కుకోవడం చేతకానివాడు మొట్టమొదటి కౌబాయ్ తార అయ్యాడు. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు అసలు కౌబాయ్ ఎవరో చూడాలి.

అతను కూలీ. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసేనాటికి టెక్సస్‌లో పొడుగు కొమ్ముల పశువులు లక్షల సంఖ్యలో ఉన్నా కొనేవారు లేరు. ఉత్తరాది నగరాల్లో మాంసానికి గిరాకీ ఉన్నా పశువులు లేవు. టెక్సస్‌లో మూడు నాలుగు డాలర్లు పలికే ఎద్దు ఉత్తరాదిన దానికి పదింతలు పలికేది. కాన్సస్ రాష్ట్రానికి రైలుమార్గం చేరడంతో మందలను వందల మైళ్లు తోలుకువెళ్లి అబిలీన్, డాడ్జ్ సిటీ వంటి ఊళ్లలో రైలెక్కించే వ్యాపారం మొదలైంది. ఆ మందలను తోలినవాడే కౌబాయ్. నెలకు 25 నుంచి 40 డాలర్ల జీతం, నెలల తరబడి దుమ్ము, వాన, నిద్రలేమి అతని బతుకు. వారిలో నాలుగో వంతు దాకా నల్లజాతివారేనని చరిత్రకారుల అంచనా. మెక్సికన్లు కూడా పెద్ద సంఖ్యలోనే ఉండేవారు. అసలు ఆ వృత్తే స్పానిష్ మాట్లాడే మెక్సికో పశువుల కాపరుల నుంచి వచ్చింది. రాంచ్ (పశువుల క్షేత్రం), రోడియో (స్వారీ పోటీ), లాసో (ఉచ్చుతాడు), బ్రోంకో (మచ్చిక కాని గుర్రం) అన్నవన్నీ స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి దిగిన మాటలే. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి: సినిమాల్లో నడివీధి తుపాకీ పోరాటాలకు పేరుపడిన డాడ్జ్ సిటీ వంటి ఊళ్లలోనే, ఊరి హద్దుల్లో ఆయుధం పట్టుకు తిరగరాదన్న కట్టుబాటు ఉండేది.

ఈ జీవితం మొత్తం ఇరవై ఏళ్లకు మించి సాగలేదు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లకంచెకు పేటెంటు పొందాక బీళ్లన్నీ ముక్కలు ముక్కలుగా కంచెల పాలయ్యాయి. 1886-87 చలికాలంలో మంచు తుపాన్లకు ఉత్తరాది మైదానాల్లో పశువులు మందలు మందలుగా చచ్చిపోయాయి. అమెరికాలో వలసదారులు చేరిన నేలకూ చేరని నేలకూ మధ్య సరిహద్దు రేఖంటూ ఇక మిగల్లేదని 1890 జనాభా లెక్కల తరువాత ప్రభుత్వమే ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్ 29న వూండెడ్ నీ అనే చోట లకోటా తెగ ప్రజలను, ఆడవాళ్లనీ పిల్లలనీ కూడా చూడకుండా, అమెరికా సైన్యం ఊచకోత కోసింది. మన పాత పత్రికలు రెడ్ ఇండియన్లని రాసిన స్థానిక అమెరికన్ల సాయుధ ప్రతిఘటన ఆ నెత్తుటితో దాదాపు ముగిసింది.

ఇక్కడి నుంచి మొదటి ప్రసిద్ధ వెస్టర్న్ దాకా పదమూడేళ్లే ఎడం. ఆ ఎడంలో జరిగినది తెలియకపోతే తరువాతి కథ అర్థం కాదు. పడమర జీవితం నుంచి నేరుగా సినిమాలోకి వచ్చిందని మనం అనుకుంటాం. అది వచ్చింది ప్రదర్శన మీదుగా. ‘బఫెలో బిల్’గా పేరొందిన విలియం కోడీ 1883లో నెబ్రాస్కాలోని ఓమహాలో ఒక భారీ ఆరుబయలు ప్రదర్శన మొదలుపెట్టాడు. గుర్రపు విన్యాసాలు, గురి తప్పని తుపాకీ కాల్పులు, కోచి బండి మీద దాడి, చివరి క్షణంలో రక్షణ అందులో ఉండేవి. నిజంగా యుద్ధాల్లో పోరాడిన లకోటా యోధులే అందులో జీతానికి తమ వేషం తామే వేసుకున్నారు. 1894లో థామస్ ఎడిసన్ న్యూజెర్సీలోని తన చిన్న స్టూడియోకు పిలిపించి చిత్రించినది ఈ బృందాన్నే. ఆనీ ఓక్లీ తుపాకీ విద్య, లకోటావారి నృత్యం, కోడీ స్వయంగా తుపాకీ పేల్చడం కెమెరాకు ఎక్కాయి. పడమటి అమెరికాకు సంబంధించి కెమెరా చూసిన తొలి దృశ్యాల్లో ముఖ్యమైనవి అప్పటికే టికెట్టు పెట్టి అమ్ముతున్న ఆటలోని భాగాలన్నమాట. సినిమా పుట్టేనాటికే పడమర తనను తాను నటించి చూపుకోవడం నేర్చేసింది.

1903లో ఎడ్విన్ ఎస్. పోర్టర్ ఎడిసన్ సంస్థ కోసం తీసిన ‘ద గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ పన్నెండు నిమిషాల చిత్రం. దొంగలు రైలును ఆపి దోచుకోవడం, పారిపోవడం, వెంటాడినవారి చేతిలో హతమవడం దాని కథ. షూటింగ్ జరిగింది పడమట కాదు, న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూజెర్సీ అడవుల్లో. దొంగల నాయకుడు తుపాకీని నేరుగా ప్రేక్షకుల వైపు గురిపెట్టి పేల్చే ఒక దృశ్యం ఇందులో ఉంది. దాన్ని చిత్రం మొదట్లో వేసుకున్నా, చివర్లో వేసుకున్నా అది ప్రదర్శకుల ఇష్టమని సంస్థ పట్టికలోనే రాశారు. ఈ చిత్రాన్ని మనం మొదటి వెస్టర్న్ అంటాం గానీ, చూసినవారికి అది గతకాలపు కథ కాదు. 1899లో వయోమింగ్‌లోని విల్‌కాక్స్ దగ్గర బుచ్ కాసిడీ ముఠా యూనియన్ పసిఫిక్ రైలును దోచుకున్న వార్త వారికి ఇంకా పచ్చిగానే గుర్తుంది. వారి దృష్టిలో ఇది ఆనాటి నేరాల మీద తీసిన చిత్రం. అందులో వీరుడంటూ ఎవరూ లేరు, కౌబాయ్ తార అసలే లేడు.

కానీ కాబోయే తార ఆ చిత్రంలోనే చిన్న వేషాల్లో ఉన్నాడు. అతని అసలు పేరు మాక్స్ ఆరన్‌సన్. ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌లో 1880లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. సినిమాల్లో గిల్బర్ట్ ఎం. ఆండర్సన్‌గా మారాడు. ఈ చిత్రంలో పారిపోబోయి తూటాకు పడిపోయే ప్రయాణికుడి వేషంతో పాటు మరి కొన్ని వేషాలు కూడా అతనివే. గుర్రపు స్వారీ వచ్చునని చెప్పి వేషం సంపాదించాడనీ, తీరా ఎక్కితే గుర్రం కింద పడేసిందనీ చెబుతారు.

అతను తార ఎలా అయ్యాడో తెలుసుకోవాలంటే వ్యాపారం వైపు చూడాలి. 1905 తరువాత అమెరికా ఊరూరా నికెల్ నాణెం, అంటే అయిదు సెంట్లు, ఇచ్చి చూసే చిన్న సినిమా హాళ్లు వేల సంఖ్యలో వెలిశాయి. వాటికి వారంలో పలుమార్లు కొత్త బొమ్మ కావాలి. ఆ గిరాకీలో పెద్ద వాటా ఫ్రాన్స్‌కు చెందిన పాథే సంస్థది. దాన్ని ఎదుర్కోవడానికి అమెరికా నిర్మాతలకు తమవే అయిన కథలు, తమ నేల మీద తప్ప తీయలేని కథలు అవసరమయ్యాయి. వెస్టర్న్ ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది. అయితే ఫ్రెంచివారు కూడా తక్కువ తినలేదు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కామార్గ్ చిత్తడి మైదానాల్లో గుర్రాలు పెట్టి కౌబాయ్ చిత్రాలు తీశారు. అప్పుడే అమెరికా వ్యాపార పత్రికల్లో కొత్త విమర్శ బయలుదేరింది: తూర్పున తీసిన బొమ్మల్లో కొండలు అబద్ధం, జీనులు అబద్ధం, దుస్తులు అబద్ధం, ఇది అసలు పడమర కాదు అని. సెలిగ్ వంటి సంస్థలు తమ బృందాలను కొలరాడోకు, ఆపై లాస్ ఏంజెలస్‌కు పంపడం వెనుక ఎండ, చవక భూములు వంటి కారణాలతో పాటు ఈ ఒత్తిడి కూడా ఉంది. ‘అసలైన పడమర’ అన్న మాట చరిత్ర మీద గౌరవంతో పుట్టలేదని, పోటీదారుణ్ని దెబ్బతీసే ప్రకటనగా పుట్టిందని గమనిస్తే తరువాత జరిగిన చాలా విషయాలు తేలికగా అర్థమవుతాయి.

ఆండర్సన్ 1907లో జార్జ్ స్పూర్‌తో కలిసి షికాగోలో ఎస్సనే సంస్థ పెట్టాడు. ఇద్దరి పేర్ల తొలి ఇంగ్లీషు అక్షరాలు, ఎస్, ఏ, కలిస్తేనే ఆ పేరు. చిత్రీకరణకు తగిన చోటు వెతుక్కుంటూ పడమటి రాష్ట్రాలన్నీ తిరిగి, చివరికి కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి నైల్స్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. పీటర్ బి. కైన్ రాసిన ఒక కథలోని పేరు తీసుకుని ‘బ్రోంకో బిల్లీ’ అయ్యాడు. ఆ పేరుతో అతను చేసిన చిత్రాలు నూట యాభైకి దగ్గరగా ఉంటాయి. ఒక్కొక్కటి పది నుంచి ఇరవై అయిదు నిమిషాల నిడివిగల చిన్న చిత్రం. ఒక వారం బిల్లీ దొంగ, మరో వారం దొంగల్ని పట్టే షెరీఫ్. ఒక వారం పెళ్లాడతాడు, మరో వారం చచ్చిపోతాడు, మళ్లీ వారం బతికే ఉంటాడు. కథకూ కథకూ పొంతన ఉండదు. ఉన్నది మనిషి ఒక్కడే. పోలీసులకు చిక్కుతానని తెలిసీ జబ్బు పడిన పసిబిడ్డను కాపాడటానికి వెనక్కి తిరిగే దొంగ అతని కథల్లో పదే పదే కనిపిస్తాడు. పడిపోయినవాడు మంచితనంతో మళ్లీ లేచే ఈ కథనే తరువాతి వారందరూ వాడుకున్నారు. అతను అందగాడు కాదు, దృఢకాయుడే గానీ గొప్ప రౌతు కాదు, కష్టమైన స్వారీకి డూప్ ఉండేవాడు. ప్రేక్షకుడు ప్రతి వారం వెతుక్కుంటూ వచ్చేది గుర్రాన్ని కాదు, తెలిసిన ముఖాన్ని అని అతను కనిపెట్టాడు. తార అన్న భావన సినిమాల్లో అప్పుడప్పుడే పొడసూపుతున్న రోజులవి. 1916లో ఎస్సనేలో తన వాటా అమ్ముకున్నాక అతను దాదాపు మరుగున పడ్డాడు. 1958లో ఆస్కార్ గౌరవ పురస్కారం ఇచ్చేనాటికి చాలామంది అతను బతికి ఉన్నాడనే మరిచిపోయారు.

విలియం ఎస్. హార్ట్ దారి పూర్తిగా వేరు. 1864లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్‌లో పుట్టి, తండ్రి పని వెంట తిరుగుతూ బాల్యంలో కొంతకాలం మధ్య పడమటి ప్రాంతాల్లో పెరిగాడు. వృత్తికి వచ్చేసరికి షేక్స్పియర్ నాటకాలాడిన రంగస్థల నటుడు. 1899లో న్యూయార్క్‌లో ‘బెన్‌హర్’ నాటకం మొదటిసారి ఆడినప్పుడు మెస్సాలా పాత్ర అతనిదే. ఒకసారి క్లీవ్‌లాండ్‌లో నాటకం ఆడుతుండగా ఒక వెస్టర్న్ చూసి, అందులోని తప్పులకు మనసు మండి, తానే వెళ్లి సరైనవి తీయాలని నిశ్చయించుకున్నానని 1929 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. 1914లో పాత మిత్రుడు, చిత్రనిర్మాత థామస్ ఇన్స్ దగ్గరికి వెళ్లేనాటికి అతనికి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. మనవల్ని ఎత్తుకునే వయసులో కౌబాయ్ తార కావడం ఎలా సాధ్యమైందో అతని ముఖం చూస్తే తెలుస్తుంది: పొడుగ్గా, ఎండకు ఎండిన దుంగలా, నవ్వు లేకుండా ఉంటుంది. కెమెరా దగ్గరికి వెళ్లినా అతను ముఖాన్ని పెద్దగా కదపడు. రంగస్థలం నుంచి వచ్చినవారంతా చేతులు విసురుతున్న రోజుల్లో అతను కళ్లతో నటించాడు.

ఇన్స్‌కు శాంటా మోనికా దగ్గరి లోయలో విశాలమైన చిత్రీకరణ స్థలం ఉంది. ఓక్లహోమాకు చెందిన మిల్లర్ సోదరుల ‘101 రాంచ్’ ప్రదర్శన బృందం చలికాలం గడపడానికి కాలిఫోర్నియా వస్తే, ఆ బృందాన్నే గుర్రాలతో, ఎడ్లతో, బండ్లతో, కౌబాయ్‌లతో, లకోటా కుటుంబాలతో సహా చిత్రనిర్మాణానికి కుదుర్చుకున్నారు. హార్ట్ ఆ వనరుల మధ్యకు వచ్చి పడ్డాడు. అతని చిత్రాల్లో ఊరంటే నాలుగు వంకర చెక్క ఇళ్లు, తలుపు తెరిస్తే లోపలికి కొట్టుకొచ్చే దుమ్ము, చెమటకు రంగు మారిన చొక్కా. 1916 నాటి ‘హెల్స్ హింజెస్’లో కొత్తగా ఊరికి వచ్చిన పాస్టరును తరిమేయడానికి నియోగించిన తుపాకీగాడు అతను, పాస్టరు చెల్లెల్ని చూసి మారతాడు, పాస్టరేమో బలహీనుడై తాగుడుకు లోబడతాడు, గుడి తగలబడుతుంది, చివరికి కథానాయకుడు ఒంటరిగా ఆ పాపిష్టి ఊరినంతా తగలబెడతాడు. పొగలో, మంటల్లో జనం చీమల్లా పరుగెడుతుండగా అతను రెండు తుపాకులతో నిలబడే దృశ్యం నూరేళ్లు గడిచాక చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అయితే దీన్ని వాస్తవికత అని గంపగుత్తగా మెచ్చుకోవడం సరికాదనిపిస్తుంది. హార్ట్‌లో వాస్తవం పైపొర: టోపీ, జీను, దుమ్ము, గుర్రం. లోపలి కథ మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు నాటకశాల నుంచి తెచ్చినదే. పాపి ఒక పవిత్ర స్త్రీ కళ్లలోకి చూసి క్షణంలో మారిపోవడం, మద్యశాల అంటే నరకమూ గుడి అంటే స్వర్గమూ కావడం పడమటి పశువుల కాపరుల జీవితంలోవి కావు. తెల్లజాతి ఆధిక్యాన్ని చాటే కథలూ అతను చేశాడు. వస్తువుల్లో నిజాయితీ ఉంటే కథలో కూడా నిజాయితీ ఉన్నట్టే ప్రేక్షకుడు నమ్ముతాడు. హార్ట్ తనకు తెలియకుండానే ఈ భ్రమకు పునాది వేశాడు. తెలియకుండానే అనడానికి కారణముంది: అతను తన పడమరను మనసారా నమ్మాడు. ఫ్రిట్జ్ అనే మచ్చల గుర్రాన్ని సాటి నటుడిగా చూశాడు, పని మానిన కౌబాయ్‌లకు, వయసు మళ్లిన షెరీఫులకు స్నేహితుడయ్యాడు.

టామ్ మిక్స్ ఈ లెక్కలన్నీ తారుమారు చేసినవాడు. పుట్టింది 1880లో, పెన్సిల్వేనియా అడవుల్లో. 1898లో సైన్యంలో చేరి, యుద్ధం చూడకుండానే 1902లో సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదు. కాగితాల మీద అతను సైన్యాన్ని విడిచి పారిపోయినవాడు. ఆపై ఓక్లహోమా చేరి, 101 రాంచ్‌లో పనిచేసి, స్వారీలో, తాడు విసరడంలో నిజమైన నేర్పు సంపాదించాడు. 1910 ప్రాంతంలో సెలిగ్ సంస్థ చిత్రాల్లోకి వచ్చాడు. ముగ్గురిలో పశువుల మధ్య పనిచేసినవాడు అతనొక్కడే. అలాంటివాడే ప్రచారంలో తన చరిత్రను పూర్తిగా తిరగరాయించుకున్నాడు: క్యూబాలో పోరాడాడని, ఫిలిప్పీన్స్‌లో, చైనాలో, దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో తూటాలకు ఎదురు నిలిచాడని స్టూడియో ప్రచారకులు రాస్తే అతను కాదనలేదు.

1917లో ఫాక్స్ సంస్థలో చేరాక మిక్స్ చేసిన చిత్రాలు హార్ట్ చిత్రాలకు దాదాపు తలకిందులు. పాపం, పశ్చాత్తాపం జోలికి పోవు. కథానాయకుడు మొదటినుంచీ మంచివాడే. తాగడు, వీలైనంతవరకు చంపడు, తాడు వేసి పడేస్తాడు, కొండ అంచు నుంచి గుర్రంతో సహా దూకుతాడు, కదిలే రైలు మీదికి ఎక్కుతాడు. పెద్ద తెల్లటోపీ, కుట్టుపని నిండిన చొక్కా, చేతి తొడుగులతో అతను పండుగ రోజు ముస్తాబులో ఉంటాడు. టోనీ అనే గుర్రానికి సొంత అభిమానులు, దాని పేరుతోనే ఒక చిత్రం. 1927లో లాస్ ఏంజెలస్‌లోని గ్రామన్స్ చైనీస్ థియేటర్ ముంగిట మిక్స్ చేతి ముద్రల పక్కన టోనీ డెక్కల ముద్రలు కూడా వేశారు. మొదటి ప్రపంచయుద్ధం చూసి వచ్చిన జనానికి, ముఖ్యంగా శనివారం మధ్యాహ్నాల్లో హాళ్లు నింపే పిల్లలకు, హార్ట్ గంభీరమైన ఉపన్యాసాల కంటే ఇదే నచ్చింది. వారానికి 17,500 డాలర్ల జీతం అందుకున్న మిక్స్ చిత్రాల లాభాల మీద ఫాక్స్ తన ఖరీదైన చిత్రాలు తీసుకోగలిగింది.

మిక్స్‌ను సర్కస్‌వాడని తీసిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించలేను. అతని తెర మీద కనబడే విన్యాసాల్లో చాలావరకు అతని ఒంటితో చేసినవే. ఎముకలు విరిగినవీ అతనివే. కథ కల్పన, చరిత్ర కల్పన, ఒళ్లు మాత్రం నిజం. పశువుల కొట్టాల్లో పుట్టిన నేర్పు పని పోయాక ఎక్కడికి పోతుంది? పోటీ మైదానానికి, అక్కడి నుంచి ప్రదర్శనకు, అక్కడి నుంచి తెరకు. ఆ దారిలో నడిచిన మనిషి చిత్రాలు మందతోలకం గురించి ఏమీ చెప్పకపోయినా, మందతోలకం నేర్పిన దేహం ఏమేం చేయగలదో చూపిస్తాయి. ఆ రకంగా హార్ట్ చిత్రాల కంటే అవే ఎక్కువ నమ్మదగిన పత్రాలు.

వీరి చుట్టూ హ్యారీ కేరీ, హూట్ గిబ్సన్, బక్ జోన్స్, ఫ్రెడ్ థామ్సన్ వంటి తారలు ఎందరో ఉన్నారు. న్యూయార్క్ నగరవాసి అయిన కేరీతో జాన్ ఫోర్డ్ అనే యువకుడు 1917లో తన మొదటి పెద్ద చిత్రం తీశాడు. ఆర్భాటం లేకుండా, పనివాడిలా నడిచే కేరీ తీరు తరువాతి తరం తారలకు నమూనా అయింది. 1923లో పారమౌంట్ తీసిన ‘ద కవర్డ్ వాగన్’, 1924లో ఫోర్డ్ తీసిన ‘ద అయర్న్ హార్స్’ వెస్టర్న్‌ను చిన్న బొమ్మల స్థాయి నుంచి జాతీయ ఇతిహాసం స్థాయికి పెంచాయి. అప్పటికి పడమర వార్తల్లోంచి పూర్తిగా తప్పుకుని పురాణమైంది.

ఈ పురాణంలో ఎవరికి చోటు దక్కలేదన్నది మరొక ముడి. తొలి ఏళ్లలో ఆ చోటు పూర్తిగా మూసుకుపోలేదు. జేమ్స్ యంగ్ డీర్ అనే దర్శకుడు, హో-చంక్ తెగకు చెందిన అతని భార్య లిలియన్ సెంట్ సర్ 1910 ప్రాంతంలో పాథే సంస్థకు వరుసగా చిత్రాలు చేశారు. ‘రెడ్ వింగ్’ పేరుతో నటించిన ఆమె 1914లో సెసిల్ బి. డిమిల్ హాలీవుడ్‌లో తీసిన మొదటి చిత్రంలో ముఖ్య పాత్రధారి. ఆ కాలపు చిత్రాల్లో స్థానిక అమెరికన్ కథానాయకుడు కనిపించడం అరుదైన విషయం కాదు. అదే సమయంలో 1911లో కొన్ని తెగల ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్లి, సినిమాలు తమను క్రూరులుగా చూపుతున్నాయని అధికారులకు ఫిర్యాదు చేశారు. సినిమా పుట్టి ఇరవై ఏళ్లు కూడా కాకముందే, తెర మీద తమ ముఖం ఎలా ఉండాలో అడిగిన మొట్టమొదటి ప్రజల్లో వారు ఉన్నారు. చిత్రాలు పొడుగై, తారల జీతాలు పెరిగి, కథంతా కౌబాయ్ చుట్టూ తిరగడం మొదలయ్యాక ఆ ముఖాలు వెనక వరుసకు, ఆపై గుర్రాల మీంచి రాలిపోయే గుంపులోకి జారిపోయాయి. మెక్సికన్లను దుష్టులుగా చూపడం ఎంత దూరం వెళ్లిందంటే, 1922లో మెక్సికో ప్రభుత్వం తమను కించపరిచే సంస్థల చిత్రాలను నిషేధించింది.

నల్లజాతి కౌబాయ్‌ల సంగతి మరీ బాధాకరం. మందలు తోలినవారిలో అంత పెద్ద వాటా ఉన్నా, పెద్ద సంస్థల తెర మీద వారు ఒక్క తారగా కూడా కనిపించరు. పరుగెత్తే గుర్రం మీంచి దూకి ఎద్దును కొమ్ములు పట్టి పడవేసే విద్యకు పేరుగాంచిన బిల్ పికెట్, టామ్ మిక్స్ పనిచేసిన 101 రాంచ్‌కే చెందినవాడు. నైపుణ్యంలో మిక్స్‌కు ఏమాత్రం తీసిపోడు. అతనితో చిత్రాలు తీసింది నల్లజాతి ప్రేక్షకుల హాళ్ల కోసం పనిచేసిన రిచర్డ్ నార్మన్ అనే చిన్న నిర్మాత. 1922లో వచ్చిన ఆ చిత్రాల్లో ఇప్పుడు మిగిలినవి కొన్ని ముక్కలు మాత్రమే.

నిజమైన మనుషులు నిజంగానే తెర చుట్టూ తిరిగిన కాలమది. 1908లో ఓక్లహోమాలో తీసిన ఒక బ్యాంకు దోపిడీ చిత్రంలో మాజీ రైలు దొంగ ఆల్ జెన్నింగ్స్ దొంగగా నటించాడు; దర్శకుడు దొంగల్ని వేటాడి పేరుపొందిన మార్షల్ బిల్ టిల్గ్‌మన్; తెర మీద కనిపించినవారిలో కొమాంచీ తెగ ఒకప్పటి నాయకుడు క్వానా పార్కర్ ఉన్నాడు. ఇక లాస్ ఏంజెలస్‌లో, సన్‌సెట్, గవర్ వీధుల కూడలి దగ్గర, పనిలేని కౌబాయ్‌లు తమ టోపీలతో, బూట్లతో పొద్దున్నే నిలబడి స్టూడియో పిలుపు కోసం చూసేవారు. రోజుకు అయిదు డాలర్లు, పడిపోయే దృశ్యమైతే మరికొంత. గుర్రాల కాళ్లకు సన్నని తీగ కట్టి పరుగులో పడవేసే పద్ధతి వల్ల ఎన్నో గుర్రాలు కాళ్లు విరిగి చచ్చాయి. ఆ అందమైన దృశ్యాల వెనుక ఈ క్రూరత్వం ఉందని చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ అనే ఊళ్లో జరిగిన కాల్పులతో పేరుపడిన పాతకాలపు చట్టాధికారి వయట్ అర్ప్ అదే నగరంలో ముసలివాడై, తన కథను చిత్రంగా తీయమని హార్ట్‌ను అడిగాడు. అది జరగలేదు. 1929 జనవరిలో అతను చనిపోతే శవపేటిక మోసినవారిలో హార్ట్ ఒకడు, మిక్స్ మరొకడు.

అప్పటికి టాకీలు వచ్చేశాయి. తొలినాళ్లలో మైకు పెట్టిన కెమెరా గది దాటి బయటికి రాలేకపోవడంతో ఆరుబయలే ప్రాణంగా బతికిన వెస్టర్న్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆ అనుమానాన్ని 1929 ఆరంభంలో విడుదలైన ఒక ఫాక్స్ చిత్రం బయట మాటలు పట్టి చూపించి తీర్చింది. హార్ట్ మాత్రం అంతకు ముందే, 1925లో, ముందు చేరినవారికే నేల దక్కే ఓక్లహోమా భూముల పరుగుపందెం నేపథ్యంగా తీసిన ‘టంబుల్‌వీడ్స్’తో విరమించుకున్నాడు. ఆ చిత్రాన్ని 1939లో మళ్లీ విడుదల చేసినప్పుడు దానికి ముందు ఒక చిన్న భాగం కలిపారు. డెబ్బై నాలుగేళ్ల హార్ట్ తన న్యూహాల్ రాంచ్‌లో, పాత దుస్తుల్లో, కొండ ముందు నిలబడి ప్రేక్షకులతో నేరుగా మాట్లాడతాడు. పోయిన గుర్రాన్ని, దుమ్మును, పందెపు పరుగును తలుచుకుంటాడు. ఆ గొంతు నాటకశాలది, గుండెలో నుంచి వచ్చే ఉచ్చారణది. జీవితమంతా మాట లేకుండా నటించిన మనిషి తెర మీద మాట్లాడుతుంటే, అతను వీడ్కోలు చెబుతున్నది నిజంగా బతికిన పడమరకా, తాను తెర మీద కట్టిన పడమరకా అన్నది విడదీయలేం. అతనికీ ఆ తేడా తెలిసి ఉంటుందని నేను అనుకోను.

ఈ తీర్పులన్నీ దొరికిన చిత్రాల ఆధారంగా చేసినవే. అమెరికాలో నిర్మించిన సుమారు 11,000 మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమేనని అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో లెక్క తేల్చింది. ఆనాటి నైట్రేట్ ఫిల్ముకు నిప్పు అంటుకుంటే ఆర్పడం అసాధ్యం. 1937 జూలైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ గోదాము కాలిపోయినప్పుడు ఆ సంస్థ మూకీల్లో అధికభాగం బూడిదైంది. వాటిలో మిక్స్ చిత్రాలెన్నో ఉన్నాయి. ఫోర్డ్, కేరీల 1917 నాటి మొదటి చిత్రం దశాబ్దాల తరువాత ప్రాగ్ నగరంలోని భాండాగారంలో దొరికింది. 1920లో ఓక్లహోమాలోని విచిటా కొండల్లో సుమారు మూడు వందల మంది కయోవా, కొమాంచీ ప్రజలు తామే పాత్రధారులై, తమ గుడారాలు, గుర్రాలు, దుస్తులు తామే తెచ్చుకుని నటించిన ‘ద డాటర్ ఆఫ్ డాన్’ కూడా పోయిందనే అందరూ అనుకున్నారు. ఈ శతాబ్దపు మొదటి దశకంలో దాని రీళ్లు ఓక్లహోమా చరిత్ర సంఘం చేతికి వచ్చాయి. అందులో ఒక్క కౌబాయ్ కూడా లేడు. నటించినవారిలో క్వానా పార్కర్ కొడుకు, కూతురు ఉన్నారు. బాగుచేసిన ప్రతిని చూసినప్పుడు ఆ తెగల నేటి తరంవారు తెర మీద తమ తాతముత్తాతలను గుర్తుపట్టారు.